చెంబు తాగవచ్చునా?

విమానంలో ప్రయాణికులు తమ వెంట తెచ్చుకున్న మద్యాన్ని సేవించరాదని మేఘమాల విమాన సంస్థ వారి నియమం. ఈ నియమాన్ని అతిక్రమించినవారు చాలామందే ఉన్నారు గానీ, దాని చెల్లుబాటునే ఆకాశంలో సవాలు చేసిన ఘనత మాత్రం జగ్గయ్యపేట వాస్తవ్యులు కీర్తిశేషులు రత్తయ్యగారికే దక్కింది. సవాలు చేసేనాటికి ఆయన ఎర్రగుడ్డ కట్టిన ఒక రాగి చెంబులో ఉన్నారు.

నియమం నిజానికి చాలా సులువైనది. అర్థం చేసుకోవాలని ప్రయత్నించకపోతే ఇంకా సులువు. సామాన్లలో సర్ది పంపిస్తే మనిషికి ఐదు లీటర్ల దాకా తీసుకెళ్లవచ్చు. అంటే విమానం పొట్టలో ఐదు లీటర్లు ఉండవచ్చు, మనిషి పొట్టలో ఐదు చుక్కలు కనబడరాదు. లేదా, విమానాశ్రయంలో తనిఖీ దాటాక ఉండే దుకాణంలో సీసా కొనుక్కుని చేత్తోనే పట్టుకుని ఎక్కవచ్చు. దుకాణంవారు దాన్ని పారదర్శకమైన సంచిలో పెట్టి సీలు వేసి ఇస్తారు. కొనవచ్చు, మోయవచ్చు, ఒళ్లో పెట్టుకుని ముద్దుగా చూసుకోవచ్చు. విప్పరాదు. పారదర్శకత అనే మాట మన దేశంలో ఇంత పకడ్బందీగా అమలవుతున్నది ఈ ఒక్క సంచి విషయంలోనే. చుక్కల దగ్గరికి తీసుకెళ్తాం గానీ చుక్క దగ్గరికి రానివ్వం అన్నది స్థూలంగా సంస్థ వారి ఆశయం.

సీసాల శాస్త్రంలో మా ప్రాంతానికి ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు. రాష్ట్రం రెండయ్యాక సరిహద్దు వచ్చి మా జగ్గయ్యపేట పక్కనే కూర్చుంది. ఇవతల ఒక ధర, అవతల ఒక ధర. ఇవతల ఎన్నడూ వినని పేర్లు, అవతల ఎన్నడూ మరవని రుచులు. దాంతో కోదాడలో ఉన్న దూరపు చుట్టాల మీద మావాళ్లకు ఉన్నట్టుండి దగ్గరి ప్రేమ పుట్టింది. పలకరించడానికి వెళ్లేటప్పుడు సంచి ఖాళీ, తిరిగొచ్చేటప్పుడు గుండె బరువు, సంచి అంతకంటే బరువు. స్టెప్నీ టైర్లలో, మిరపకాయ బస్తాల్లో, ఒకసారైతే పెళ్లికూతురి సారెలో అరిసెల కింద కూడా సీసాలు సరిహద్దు దాటాయి. సీసాకు వీసా కావలసిన ఆ రోజుల్లో మావాళ్లు చూపిన పట్టుదల చదువుల మీద చూపించి ఉంటే ఈపాటికి ప్రతి వీధికీ ఒక కలెక్టరు ఉండేవాడు. అప్పుడు ఆపేవాళ్లు ఎక్కువై తాగేవాళ్లు తగ్గిపోయి ఉండేవారు కాబట్టి, జరిగిందే మంచిదయింది.

అలాంటి గడ్డ మీద పుట్టిన రత్నం రత్తయ్యగారు. వత్సవాయి దగ్గర పొలం, పత్తీ మిర్చీ సేద్యం, జగ్గయ్యపేటలో డాబా ఇల్లు. సాయంత్రమైతే చాలు, సూర్యుడు దిగేవాడు, రత్తయ్యగారికి ఎక్కేది. ఇంత క్రమశిక్షణ గల మనిషిని నందిగామ దాకా వెతికినా చూడలేమని వ్యాపారులు చెప్పుకునేవారు. భార్య బసవమ్మ ఆయనతో కాపరం చేస్తుండేది. ఆ విషయం ఎవరూ ప్రత్యేకంగా చెప్పుకునేవారు కాదు.

ఆయనకు జీవితంలో ఒకే ఒక్క అవమానం జరిగింది. అదీ నేల మీద కాదు. ఒక విత్తనాల కంపెనీ వాళ్లు ఆదర్శ రైతుల్ని ఢిల్లీ చూపిస్తామని మేఘమాల వారి విమానం ఎక్కించారు. మబ్బుల్లోకి వెళ్లగానే రత్తయ్యగారు లోపలి జేబులోంచి క్వార్టర్ సీసా తీసి, ఎయిర్‌హోస్టెస్ ఇచ్చిన కాగితం కప్పులో వంచబోయారు. ఆ పిల్ల చెయ్యి అడ్డం పెట్టి, “వద్దండీ, ఇక్కడ కుదరదు” అంది. “మీరు పొయ్యరు, నన్ను పోసుకోనివ్వరు, మరి ఇంత పైకెందుకు తీసుకొచ్చినట్టమ్మా?” అని రత్తయ్యగారు న్యాయంగానే అడిగారు. సీసా పట్టుకుపోయారు. ప్రభుత్వ క్వార్టర్ ఖాళీ చేయించినా అంత బాధ ఉండదని ఆయన తర్వాత ఊళ్లో కనబడిన ప్రతివాడికీ చెప్పారు. “పోతే పోతా గానీ, గాల్లో ఓ గుక్క పడితే గానీ నా ఆత్మ శాంతించదు” అని చెప్పి ముగించేవారు.

తర్వాత ఆయన కాలేయం కాలం చేసింది. దానికి తోడుగా ఆయనా వెళ్లిపోయారు. నందిగామలో ఎరువుల షాపు నడుపుకుంటున్న కొడుకు సతీష్‌బాబు చేతికి ఆస్తి వచ్చింది, బసవమ్మ చేతికి అస్థి వచ్చింది.

అసలు చిక్కు పెద్దకర్మనాడు మొదలైంది. పోయినవారికి ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించి పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముడితే ఆత్మ తృప్తిపడ్డట్టు. మునేటి ఒడ్డున నాటుకోడి వేపుడు, చేపల పులుసు, సిగరెట్టు పెట్టె, మూత తీసిన సీసా, అన్నీ అమర్చారు. కాకి వచ్చింది. చూసింది. వెళ్లిపోయింది. బంధువులు గాభరాపడ్డారు. బ్రాండు తప్పని ఒకరు తేల్చారు. వెంటనే కారు కోదాడ వెళ్లి వచ్చింది. కాకి ముట్టలేదు. సోడా కలపలేదు, ఎట్టా ముడుతుందన్నారు. కలిపారు. ముట్టలేదు. ఐసు వెయ్యమన్నారు. వేశారు. కాకికి జలుబు చేస్తుందేమోనని ఒక ముత్తయిదువ సందేహించింది. కాకి ముట్టనిదంతా ఎప్పటికప్పుడు బంధువులు ముట్టారు కాబట్టి ఏదీ వృథా పోలేదు. కానీ బసవమ్మ మాత్రం కాకి వెళ్లిన వైపే చూస్తూ కూర్చుంది. మొగుడి ఆత్మ ఇంకా శాంతించలేదంటే ఆమెకూ శాంతి లేనట్టే కదా.

అప్పుడు ఉమాకాంతంగారు కల్పించుకున్నారు. ఈయన నందిగామలో ఒక ఆఫీసులో సూపరింటెండెంటుగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి. జీవితంలో మందు వాసన కూడా చూడలేదు. ఆయనకు నిషా అంతా నిబంధనల్లోనే. నిషేధం అనే మాటలో మొదటి సగం చదివేసరికే ఆయన కళ్లు ఎర్రబడతాయి. విషయం విని, కాసేపు కళ్లు మూసుకుని, కుర్చీలోంచి లేచి ప్రకటించారు:

“రత్తయ్యగారు ఏం కోరారు? గాల్లో గుక్క. మీరేం పెట్టారు? నేల మీద సీసా. కాకి పక్షి కనుక దానికి ఆ తేడా తెలిసింది, మీకు తెలియలేదు. అస్థికలు ఎలాగూ కాశీలో కలపాలి. విమానంలో వెళ్లండి. ఆకాశమార్గాన ఆయన చెంబులో రెండు చుక్కలు పోయండి. విమాన సంస్థ నియమాల సంగతి నాకు వదిలేయండి. టిక్కెట్టు మాత్రం మీరే తీయండి.”

ఇంత స్పష్టంగా ఆలోచించినవాళ్లు ఆ ఒడ్డున అప్పటికి ఇంకెవరూ మిగల్లేదు కాబట్టి అందరూ ఒప్పుకున్నారు. తల్లికి ఆటో ఎక్కితేనే కళ్లు తిరుగుతాయని తెలిసిన సతీష్‌బాబు భయంభయంగా అడిగాడు.

“అమ్మా, నాన్న కోసం విమానం ఎక్కుతావా?”

“ఆయన ఎక్కిందేనా?” అంది బసవమ్మ.

“అదేనే. అదే కంపెనీ.”

“అయితే ఎక్కుతా.”

అదే విమానం ఎందుకని ఎవరూ అడగలేదు. పతిభక్తికి కారణాలు అడగడం మావైపు మర్యాద కాదు.

శంషాబాద్ విమానాశ్రయంలో చెంబును తనిఖీ బెల్టు మీద పెట్టారు. డాక్టర్లు ఎంత మొత్తుకున్నా స్కానింగుకు రాని రత్తయ్యగారికి ఆ విధంగా ఉచితంగా స్కానింగు జరిగింది. లోపల ఏ దోషమూ లేదని చెప్పి పంపించేశారు. సతీష్‌బాబు తండ్రికి తగ్గ సీసా కొన్నాడు. దుకాణంవారు పారదర్శకంగా సీలు వేశారు. ఉమాకాంతంగారు ఆ సీలుకు సాటి అధికారికి పెట్టినట్టు నమస్కారం పెట్టారు.

బసవమ్మ కిటికీ పక్క సీటు కావాలంది. ఒళ్లో చెంబు పెట్టుకుని కూర్చుంది. సింధూర అనే ఎయిర్‌హోస్టెస్ వచ్చి వంగింది.

“పిన్నిగారూ, విమానం లేచేటప్పుడు అది ఒళ్లో ఉండకూడదండి. పైన అరలో పెట్టాలి.”

“ఏ ఊరమ్మాయ్ మీది?”

“కంచికచర్లండి.”

“మాట వింటే అట్టానే అనిపించింది. పెట్టు తల్లీ. బతికున్నన్నాళ్లూ నా నెత్తికెక్కే కూర్చున్నాడు. ఇయ్యాల కొత్తేముంది.”

విమానం లేచింది. బెల్టులు పెట్టుకోవాలన్న దీపం ఆరగానే ఉమాకాంతంగారు లేచారు. చెంబు దించి బసవమ్మ ఒళ్లో పెట్టించారు, సీలు వేసిన సంచి ఆమె చేతికిచ్చారు, కండువా సర్దుకుని సింధూరను పిలిచారు.

“అమ్మాయీ! ‘ప్రయాణికుడు తన వెంట తెచ్చుకున్న మద్యం సేవించరాదు.’ ఇదే గదా మీ నియమం? మొదట, ప్రయాణికుడు. రత్తయ్యగారికి టిక్కెట్టు లేదు, సీటు లేదు, మీరు అమ్మే ఉప్మా లేదు. కావున ఆయన ప్రయాణికుడు కాదు. పోతే, తన వెంట తెచ్చుకొనుట. ఆయన ఏమీ తేలేదు, ఆయన్నే మేం తెచ్చాం. ఇక సేవించుట. చెంబు తాగునా? పోయుట వేరు, తాగుట వేరు. మీ నియమంలో పోయరాదని ఎక్కడా లేదు. కావున మేము పోయుచున్నాము. మీరు ఆమోదించవలసిందిగా కోరడమైనది.”

“బాబాయ్‌గారూ, మీరు చెప్పింది బానే ఉందండి. సీలు విప్పితే మాత్రం దిగ్గానే పోలీసులొస్తారు” అంది సింధూర.

“ఎవరి కోసం?”

“విప్పినవాళ్ల కోసమండి.”

“వాదించినవాళ్ల కోసమో?”

“వాళ్ల కోసం రారండి.”

ఉమాకాంతంగారు రెట్టించిన ధైర్యంతో తిరిగి మొదటినుంచి వాదించారు.

సింధూర వెళ్లి పైలట్‌కు చెప్పింది. పైలట్ కింద ఉన్నవారిని అడిగాడు. కింద ఉన్నవారు తమ పైన ఉన్నవారిని అడిగారు. నేల మీద ఉన్నవారికి ఆకాశంలో ఉన్నవాడికన్నా పైన మరొకరు ఉండటం మన పరిపాలనలోని గొప్పతనం. చివరికి మైకులో ప్రకటన వినిపించింది:

“ప్రయాణికులకు విజ్ఞప్తి. చెంబు ప్రయాణికుడైతే తాగరాదు. సామానైతే తడవరాదు. రెండూ కాక మూడోదేదైనా అయితే దిగిన పిమ్మట రాతపూర్వకంగా తెలియజేయగలరు. బయట ఉష్ణోగ్రత మైనస్ నలభై డిగ్రీలు. ధన్యవాదాలు.”

దీంతో విమానం ఒకటిగానే ఎగురుతుండగా ప్రయాణికులు రెండుగా చీలిపోయారు. మద్యానికి మధ్యస్థులు ఎప్పుడూ ఉండరు. ఒక వర్గం, చట్టం చట్టమే, చచ్చినవాడైనా పాటించాల్సిందే అంది. రెండో వర్గం, బతికుండగా పాటించనివాడు చచ్చాక ఎందుకు పాటించాలంది. ఈ రెండో వర్గంలో సానుభూతి కట్టలు తెంచుకుంది. వెనక వరసలో ఒకాయన లేచి, “పెద్దాయనకు ఆ సీలు గోలంతా ఎందుకండీ? నా దాంట్లోంచి పొయ్యండి” అని తన మంచినీళ్ల సీసా ఎత్తాడు. మంచినీళ్లు కొంచెం తేనె రంగులో ఉన్నాయి. అది చూసి ఇంకొకాయన దగ్గుమందు సీసా తీశాడు. ఒకావిడ భర్త ఫ్లాస్కులో టీ ఉన్నట్టు ఆవిడే నమ్ముతోంది, అప్పటివరకూ. గంగాజలం తేవడానికని తీసుకెళ్తున్న ఖాళీ డబ్బా కూడా ఖాళీగా లేదు. తెచ్చుకున్నది తాగరాదన్న నియమాన్ని ఇంతమంది ఇంత నిశ్శబ్దంగా గౌరవిస్తున్నారని సింధూరకు అప్పుడే తెలిసింది. ఆమె చెత్త సంచి పట్టుకుని వరస వెంట నడిచి అన్నిటినీ మర్యాదగా అందులోకి ఆహ్వానించింది. వాసనకే సగంమంది ఉపన్యాసకులయ్యారు.

“అమ్మా, విప్పెయ్యి” అన్నాడు సతీష్‌బాబు, తల్లి చెవిలో. “కాశీ వచ్చేస్తంది. ఇప్పుడు పొయ్యకపోతే నాన్న ఆత్మ ఇట్టానే తిరుగుద్ది. నువ్వు పెద్దదానివి, నిన్నేం చెయ్యర్లే.”

“నువ్వు విప్పరాదూ?”

“నాకు ఎరువుల లైసెన్సుందమ్మా. కేసైతే పోద్ది.”

కొడుకు పితృభక్తికి ఉమాకాంతంగారు తల ఊపారు. విమానంలో అందరూ బసవమ్మ చేతుల్లోని సంచి వైపే చూస్తున్నారు. బసవమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. చూసి చూసి, సింధూరను దగ్గరికి పిలిచింది.

“అమ్మాయ్, ఆయన్ని వద్దన్న పిల్లవి నువ్వేనా?”

“నేను కాదండీ పిన్నిగారూ. నేను చేరి ఏడాదే అయింది.”

“నువ్వయితేనేం, ఆ పిల్లయితేనేం. ఇట్టా కూచో.”

“డ్యూటీలో కూర్చోకూడదండి.”

“అయితే నించునే విను. నేను కాపరానికొచ్చిన కాణ్నుంచీ ఆ మనిషిని వద్దన్నోళ్లు లేరమ్మా. షాపోడు అనలా, వాడి యాపారం. ప్రభుత్వం అనలా, దాని ఆదాయం. చెక్‌పోస్టు కాడ ఆపినోళ్లు సీసాని వద్దన్నారు గానీ మనిషిని వద్దనలా. డాక్టరు తగ్గించుకోమన్నాడు. వీడేమో, నాన్న మనసు కష్టపెట్టమాక అని నన్నే గదమాయించాడు. నేనంటే, అది ఇంటో మాట. దానికి లెక్కేముంది. ఒక్క చోట, ఒక్క పిల్ల, ముక్కూ మొహం తెలవని పిల్ల, ‘వద్దండీ, కుదరదు’ అంది. ఆ పూట చీకటి పడ్డా ఆయన పొడిగా ఉన్నాడు. దిగ్గానే ఫోన్ చేశాడు. ‘బసవా, మబ్బులు పైనుంచి చూశానే. మన చేలో పత్తి పగిలినట్టున్నయ్’ అన్నాడు. నాలుక తడబడలా. సందేళప్పుడు ఆయన నన్ను పేరు పెట్టి పిలవటం, నాతో అట్టా మాట్టాడటం అదొక్కసారే. మళ్లీ లేదు. ఆ చోటేందో చూద్దామని వచ్చా.”

బసవమ్మ సీలు వేసిన సంచి సింధూర చేతిలో పెట్టింది.

“ఇది తీసుకో. ఇక్కడ ఒద్దన్నారు. ఆ మాట అట్టానే ఉండనియ్యి.”

“మీరు విప్పలేదు కదండీ. విప్పకపోతే మేం తీసుకోకూడదు. అట్టా తీసుకోమనే రూలు లేదు.”

“లేకపోతే నేను పెడుతున్నా.”

సీలు విప్పని సీసాను ప్రయాణికురాలు అడక్కుండానే ఇచ్చేస్తే సిబ్బంది ఏం చేయాలన్నది మేఘమాల వారి నియమాల్లో లేదు. అంత దూరం ఎవరూ ఊహించలేదు. సింధూర ఆ సంచిని పట్టుకుని విమానం దిగేదాకా నిలబడే ఉంది. బసవమ్మ చెంబు పట్టుకుని కిటికీలోంచి మబ్బులు చూస్తూ కూర్చుంది. మర్నాడు రత్తయ్యగారు గంగలో నీళ్లతోనే కలిశారు. ఆయనకు అది అలవాటు లేని మిశ్రమం.

వార్త వాళ్లకంటే ముందు ఊరు చేరింది. భర్త ఆఖరి కోరికను చేతిదాకా వచ్చాక కూడా తీర్చని ఇల్లాలి ప్రవర్తన మీద జగ్గయ్యపేట, నందిగామ పెద్దలు తీవ్రంగా కలతచెంది, హైవే పక్కన ఏసీ బార్ అండ్ ఫ్యామిలీ రెస్టారెంట్‌లో ఉమ్మడిగా సంతాప సభ జరిపారు. ఉమాకాంతంగారు నిమ్మకాయ సోడా తాగుతూ అధ్యక్షత వహించారు. సతీష్‌బాబు తండ్రి కోసం కన్నీళ్లు పెట్టుకుని, తడిసిన గ్లాసు మార్పించుకున్నాడు. ఆడవాళ్ల మొండితనం వల్ల మగవాళ్ల ఆత్మలకు శాంతి లేకుండా పోతోందని వక్తలు ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని వాపోయారు. ఇకమీదట ఇలాంటి బరువైన బాధ్యతలు ఆడవాళ్లకు అప్పగించరాదని తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. బసవమ్మను ఎవరూ పిలవలేదు. ఆమెకు ఆ పూట చాలాకాలం తర్వాత నిద్ర పట్టిందని, పిలిచినా లేచేది కాదని తర్వాత తెలిసింది.

చివరగా రత్తయ్యగారి ఆత్మకు శాంతి కలగాలని అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించవలసిందిగా అధ్యక్షులు కోరారు. లేవగలిగినవారు లేచి పాటించారు. లేవలేనివారు కూర్చుని పాటించారు. కూర్చోలేనివారు అప్పటికే మౌనంగా ఉన్నారు.

ఆ సభకు మీరూ వచ్చారు. గుర్తు లేదంటున్నారా? అదీ సహజమే.